మోసేది కాదు, కాసేది: పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్‌లో ఎలక్ట్రాన్ పొర

(కర్నూలులో డిగ్రీ, పీజీ సైన్సు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే.

ముందు ఒక పని చేద్దాం. ఈ రెండు గాజు ముక్కలు చూడండి, బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దవి. అటు వరుస నుంచి ఒకటి, ఇటు వరుస నుంచి ఒకటి పంపిస్తున్నాను. అంచులు పట్టుకోండి, మధ్యలో వేలు పెట్టకండి. రెండింటి మీదా కరెంటు పారే పూత ఉంది. ఒకదాని మీద మాత్రం దానిపైన ఇంకో పూత ఉంది. అది ఏ ముక్కో నా మాటలు అయిపోయేలోగా చెప్పాలి. ఫోనులో వెతికితే దొరకదు, ఆ భయం లేదు నాకు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. మీలో కళాయి వేయడం చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. నలుగురు. అందులో ముగ్గురు మాస్టార్లే! సరే, చూడనివాళ్ల కోసం చెబుతాను. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే ఏమవుతుంది? పులుపుకు ఇత్తడి కరుగుతుంది, చిలుము పడుతుంది, పులుసు విషమవుతుంది. అందుకని కళాయి ఆయన వీధిలోకొచ్చి, కొలిమి పెట్టి, గిన్నెను ఎర్రగా కాల్చి, నవాసాగరం చల్లి, తగరం ముక్క ఆనించి, దూదితో లోపలంతా ఒక్క తుడుపు తుడిచేవాడు. తెల్లటి పొగ, దాని వెనక వెండిలాగ మెరిసే గిన్నె. ఆ తగరం పొర గిన్నెను మోస్తుందా? మోయదు. పులుసును వండుతుందా? వండదు. మరి ఏం చేస్తుంది? ఇటుదాన్ని ఇటు, అటుదాన్ని అటు ఉంచుతుంది. కావలి కాస్తుంది.

ఈరోజు నేను చెప్పే విషయమంతా సోలార్ సెల్‌లో ఇలా కావలి కాసే ఒక పొర గురించే. పుస్తకాల్లో దాని పేరు 'ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్ లేయర్', ల్యాబుల్లో ఈటీఎల్ అంటాం. ట్రాన్స్‌పోర్ట్ అనే మాట వినగానే లారీ గుర్తొస్తుంది కదా? ఆ పేరే తప్పుదారి పట్టించిందని నా అభిప్రాయం. నన్ను కూడా రెండు మూడేళ్లు పట్టించింది.

ముందు సెల్ ఎలా ఉంటుందో చూద్దాం. బోర్డు మీద గీస్తాను. కింద గాజు. దానిమీద ఎఫ్‌టీఓ, అంటే ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్. వెలుగు దూరుతుంది, కరెంటు కూడా పారుతుంది. దానిమీద ఈటీఎల్. దానిమీద నల్లటి పెరోవ్‌స్కైట్ పొర, అసలు వెలుగు తాగేది ఇదే. దానిమీద హోల్స్‌ను, అంటే ఎలక్ట్రాన్ లేచిపోతే మిగిలే ఖాళీలను, తీసుకునే పొర. పైన బంగారం. బంగారం అనగానే అమ్మాయిలూ అబ్బాయిలూ అందరూ తలెత్తారు! 80 నానోమీటర్ల బంగారమమ్మా, గీకినా ముక్కుపుడక రాదు.

కొలతలు మనసులో పెట్టుకోండి. పెరోవ్‌స్కైట్ పొర 500 నుంచి 700 నానోమీటర్లు. సిలికాన్ సెల్ అయితే 150 మైక్రాన్ల పైమాటే, అంటే దీనికి రెండు వందల రెట్లు మందం. ఇక ఈటీఎల్? 20, 30 నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో అలాంటివి రెండు వేలకు పైగా పేర్చవచ్చు.

పెరోవ్‌స్కైట్ అంటే మొదట ఒక ఖనిజం పేరు, కాల్షియం టైటనేట్. 1839లో యూరల్ పర్వతాల్లో దొరికితే గుస్తావ్ రోజ్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త దానికి లెవ్ పెరోవ్‌స్కీ అనే రష్యన్ పెద్దమనిషి పేరు పెట్టాడు. మన సెల్‌లో ఉండేది ఆ ఖనిజం కాదు. అణువుల అమరిక ఒకటే, సరుకు వేరు. మనది సీసం, అయోడిన్, మధ్యలో మిథైల్ అమోనియం లేదా ఫార్మమిడీనియం అనే సేంద్రియ అయాన్. అవును, సీసం విషమే. అది వేరే గంట ప్రసంగం, ఇవాళ ముట్టుకోను.

వెలుగు పడగానే ఈ నల్ల పొరలో ఒక ఎలక్ట్రాన్ లేచి, దాని చోట ఒక హోల్ మిగులుతుంది. ఎలక్ట్రాన్ కిందికి ఎఫ్‌టీఓ వైపు, హోల్ పైకి బంగారం వైపు పోవాలి. పోతే కరెంటు. దారిలో రెండూ మళ్లీ కలిసిపోతే? వేడి. తాగిన వెలుగంతా వృథా. పంట పండింది, ఇల్లు చేరలేదు.

ఇప్పుడు చరిత్ర. ఇది కొంచెం తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే ఇందులోనే మెలిక ఉంది.

1991లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో బ్రయాన్ ఓ రీగన్, మైకేల్ గ్రెట్జెల్ ఒక కొత్త సెల్ చేశారు. టైటానియం డయాక్సైడ్ రేణువులకు రంగు అద్ది, ద్రవంలో ముంచారు. రంగు వెలుగు తాగుతుంది, టైటానియా ఎలక్ట్రాన్‌ను మోస్తుంది. టైటానియా అంటే మీ గోడల మీది తెల్ల పెయింటులో ఉండేదే. రంగు అణువుకు ఎలక్ట్రాన్‌ను మోసే శక్తి లేదు, కాబట్టి అక్కడ టైటానియా నిజంగానే కూలీ, నిజంగానే మోసేది. ఆ రంగుల్లో బాగా పేరొచ్చిన రుథీనియం రంగుల వెనక ఉన్న ఒక పేరు మనం గుర్తుంచుకోవాలి: మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్. మన ఉస్మానియాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేసి లొసాన్ వెళ్లిన మనిషి. తర్వాత పెరోవ్‌స్కైట్ పనిలోనూ ముందువరసలో ఉన్నారు.

2009లో జపాన్‌లో మియసాకా బృందం, అందులో కొజిమా అనే విద్యార్థి, ఆ రంగు తీసేసి దాని చోట పెరోవ్‌స్కైట్ పెట్టారు. సామర్థ్యం, అంటే పడిన ఎండలో కరెంటుగా మారే వాటా, ఎంత వచ్చింది? 3.8 శాతం. అదీ ద్రవంలో కరిగిపోయేది, నిమిషాల్లో ఖాళీ. 2012లో ద్రవం తీసేసి ఘనపదార్థం పెట్టారు. కొరియాలో పార్క్ నామ్-గ్యు, లొసాన్ వాళ్లు కలిసి 9.7 శాతం తెచ్చారు. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ స్నైత్ బృందం మియసాకాతో కలిసి 10.9 తెచ్చింది.

ఇక్కడ ఆగండి. స్నైత్ బృందం చేసిన పని ఏమిటో తెలుసా? మందపాటి టైటానియా రేణువుల గూడు తీసేసి దాని చోట అల్యూమినా పెట్టారు. అల్యూమినా కరెంటు పారనివ్వదు. శుద్ధ ఇన్సులేటర్. కూలీని పంపించేసి రాయిని నిలబెట్టారన్నమాట. సెల్ ఆగిపోవాలి కదా? ఆగలేదు సరికదా, వోల్టేజి ఇంకా పెరిగింది. అంటే ఏమిటి అర్థం? ఎలక్ట్రాన్‌ను మోయడానికి ఎవరూ అక్కర్లేదు, పెరోవ్‌స్కైటే మోసుకుంటోంది! మరుసటి ఏడాది కొలిచి చూస్తే కొన్ని రకాల పెరోవ్‌స్కైట్‌లో ఎలక్ట్రాన్లు మైక్రాన్ దూరం దాకా నడవగలవని తేలింది. పొర మందం అరమైక్రాన్ అయినప్పుడు, మైక్రాన్ నడిచేవాడికి రిక్షా ఎందుకు?

మరి టైటానియా మొత్తం తీసేయవచ్చుగా? గూడు తీసేశారు, కానీ అడుగున పలచటి టైటానియా పొర ఒకటి అలాగే ఉంచారు. అది తీస్తే ఏమవుతుందో నేను అనుకోకుండా చూశాను.

ఇది నా సొంత కథ, నవ్వకండి. నవ్వినా పర్వాలేదు. అప్పుడు నేను ల్యాబులో కొత్త. గాజు ముక్కలు కడిగి, సగానికి ఈటీఎల్ వేసి, సగం పక్కన పెట్టి భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి అన్నీ ఒకే డబ్బాలో ఉన్నాయి. ఎవరో సర్దారు, నేనేమో వెనక గీత గీయలేదు. సరేలే అని అన్నింటి మీదా పెరోవ్‌స్కైట్ వేసేశాను. రాత్రి కొలిస్తే సెల్స్ రెండు గుంపులయ్యాయి. విచిత్రం ఏమిటంటే కరెంటు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. వోల్టేజి మాత్రం ఒక గుంపులో దభీమని పడిపోయింది, ఫిల్ ఫ్యాక్టర్ కూడా, అంటే కరెంటు, వోల్టేజిల గుణకారంలో నిజంగా చేతికొచ్చే వాటా. ఈటీఎల్ లేనివి అవే.

ఈటీఎల్ లారీ అయితే, లారీ లేనప్పుడు సరుకు తగ్గాలి. కరెంటు తగ్గాలి. తగ్గలేదే? తగ్గింది వోల్టేజి. ఎందుకంటే ఎఫ్‌టీఓ గేటు లేని దొడ్డి. ఎలక్ట్రాన్ వస్తుంది, దాని వెనకే హోల్ కూడా వస్తుంది, ఇద్దరూ గేటు దగ్గరే కలిసి నాశనం. ఈటీఎల్ చేసే పని ఎలక్ట్రాన్‌కు తలుపు తీసి హోల్ మొహాన తలుపు వేయడం. దాని వాలెన్స్ బ్యాండ్, అంటే హోల్ నడవగల శక్తి మట్టం, ఎంత లోతులో ఉంటుందంటే హోల్ అందులోకి దిగనే దిగలేదు. మోసేది కాదు, కాసేది.

కాస్త లెక్క వేద్దాం, చిన్న లెక్కే. సెల్ సామర్థ్యం అంటే కరెంటు, వోల్టేజి, ఫిల్ ఫ్యాక్టర్ మూడింటి గుణకారం. ప్రామాణిక ఎండ చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్లు కాబట్టి గుణిస్తే వచ్చేదే శాతం, సుఖం. చదరపు సెంటీమీటరుకు 25 మిల్లీయాంపియర్లు, 1.1 వోల్టు, ఫిల్ ఫ్యాక్టర్ 0.75. ఎంత? 20.6 శాతం. ఇప్పుడు కరెంటు ముట్టుకోకండి. అదే 25. వోల్టేజి 1.18, ఫిల్ ఫ్యాక్టర్ 0.85 చేయండి. 25 శాతం దాటింది! వెలుగు తాగేది అదే, తాగిన వెలుగూ అంతే, నాలుగున్నర శాతం ఎక్కడినుంచి వచ్చింది? సరిహద్దుల నుంచి. వేడిగా పోయే కలయికలను పదో వంతుకు తగ్గిస్తే సుమారు 60 మిల్లీవోల్టులు చేతికొస్తాయి. గత పదేళ్లలో ఈ రంగంలో జరిగిన యుద్ధంలో పెద్ద భాగం ఆ 60, ఆ 80 మిల్లీవోల్టుల కోసమే.

మరి టైటానియాతో ఇబ్బంది ఏమిటి? రంగు సెల్ నుంచి కట్నంలాగ వచ్చింది, ఎవరూ ప్రశ్నించలేదు కొన్నాళ్లు. ఒకటి, దాన్ని 450, 500 డిగ్రీల దగ్గర కాల్చాలి. గాజు ఓర్చుకుంటుంది, ప్లాస్టిక్ షీటు ఓర్చుకోదు. రెండు, దానికి అతినీలలోహిత కాంతి పడదు. పడదంటే మరీ ఎక్కువ పడుతుంది! ఆ కాంతి తగిలితే టైటానియా రసాయనాలను విరగ్గొడుతుంది. కిటికీ అద్దాలు వాటంతటవే శుభ్రం కావాలంటే అది మంచి గుణం. పక్కనే అయోడైడ్ ఉన్నప్పుడు? కాపలాకు పెట్టినవాడే ఇల్లు తవ్వుతున్నట్టు. మూడోది హిస్టెరిసిస్. వోల్టేజి పెంచుతూ కొలిస్తే ఒక అంకె, తగ్గిస్తూ కొలిస్తే ఇంకో అంకె. పెరోవ్‌స్కైట్‌లో అయాన్లు కదులుతూ పోయి సరిహద్దు దగ్గర గుమిగూడతాయి. ఎలక్ట్రాన్లను సరిగా లాక్కోని పొర అయితే ఆ తేడా బయటపడుతుంది. ఆ రోజుల్లో ఎక్కువ వచ్చిన అంకె ఒక్కటే రాసుకుని సంబరపడ్డవాళ్లు చాలామంది. పేర్లు అడగకండి, అద్దంలో చూసుకుంటే నాకు ఒకరు కనబడతారు. రేపు మీరు ఏ పేపరు చదివినా రెండు వైపుల అంకెలూ, నిలకడగా కొన్ని నిమిషాలు నడిపిన అంకె కూడా ఉన్నాయా చూడండి. లేకపోతే పేజీ తిప్పేయండి.

జింక్ ఆక్సైడ్ ప్రయత్నించారు. ఎలక్ట్రాన్లు అందులో బాగా పరిగెత్తుతాయి, తక్కువ వేడితో తయారవుతుంది. కానీ దాని క్షార గుణానికి మిథైల్ అమోనియం తన ప్రోటాన్ వదిలేసుకుంటుంది, హాట్‌ప్లేట్ మీద పెట్టగానే నల్ల పొర పసుపు అవుతుంది. పసుపు కనబడితే సీసం అయోడైడ్, అంటే సెల్ పోయినట్టే. దాన్ని దారికి తెచ్చినవాళ్లూ ఉన్నారు గానీ, ముందుకు వెళ్దాం.

ఇప్పుడు కళాయి దగ్గరికొచ్చాం. టిన్ ఆక్సైడ్. తగరమే! 2015లో అమెరికాలోని టొలెడో, చైనాలోని ఊహాన్ బృందాలు తక్కువ వేడితో చేసిన టిన్ ఆక్సైడ్ పొరతో 17 శాతం దాటారు. లొసాన్‌లో ఇంకో బృందం అణువుల వరసల చొప్పున పేర్చే పద్ధతిలో 18 తెచ్చింది. 2016లో బీజింగ్‌లో యూ జింగ్‌బీ బృందం బజారులో దొరికే టిన్ ఆక్సైడ్ కొలాయిడ్, అంటే నీళ్లలో తేలే సన్నటి రేణువులు, ఉన్న సీసా కొని, నీళ్లు కలిపి పలచన చేసి, గాజు మీద పోసి తిప్పి, 150 డిగ్రీల దగ్గర అరగంట ఆరబెట్టారు. అంతే! దోసెల పెనం వేడి కూడా కాదు. ధ్రువీకరించిన అంకె 19.9.

ఆ సీసా సంగతి ఒకటి చెప్పాలి. రేణువులు ముద్దకట్టకుండా ఉండడానికి తయారీదారు అందులో పొటాషియం క్షారం వేస్తాడు. వాడి అవసరం అది. ఆ పొటాషియం పోయి పెరోవ్‌స్కైట్ సరిహద్దులో లోపాలను పూడుస్తోందని, హిస్టెరిసిస్ తగ్గడంలో దానికీ వాటా ఉందని తర్వాత తెలిసింది. అడగని వరం!

నవాసాగరం గుర్తుందా? కళాయి ఆయన చల్లేది. దాని అసలు పేరు అమ్మోనియం క్లోరైడ్. కొందరు పరిశోధకులు టిన్ ఆక్సైడ్ కొలాయిడ్‌లో సరిగ్గా అదే కలిపి పొర మెరుగుపడిందని చూపించారు. ఆ పేపరు చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి మా అమ్మకు ఫోను చేశాను. "ఏమిట్రా అందులో వింత, నవాసాగరం లేకుండా కళాయి అంటుతుందా?" అంది. రెండు చోట్లా అది చేసే పని ఒకటి కాదు, నిజం చెప్పాలి. గిన్నె మీద ఆక్సైడ్ మురికిని ఊడదీస్తుంది, ఇక్కడ రేణువుల మీది విద్యుదావేశాన్ని మార్చి, అవి కూడుకునే తీరు మారుస్తుంది. అయినా తగరం, నవాసాగరం ఆ వీధిలోనూ కలిశాయి, ఈ ల్యాబులోనూ కలిశాయి.

టిన్ ఆక్సైడ్ ఎందుకు గెలిచింది? బ్యాండ్ గ్యాప్, అంటే వెలుగు తాగడానికి కావలసిన కనీస శక్తి, పెద్దది, 3.6 ఎలక్ట్రాన్ వోల్టులకు పైనే, అందుకని ఎండలోని అతినీలలోహితాన్ని చాలావరకు పట్టించుకోదు. ఎలక్ట్రాన్ వేగం టైటానియాకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పెరోవ్‌స్కైట్ నుంచి ఎలక్ట్రాన్ దిగే శక్తి మెట్టు ఎత్తు కూడా సరిపోతుంది. మెట్టు అంటే తూము అనుకోండి. పొలం మట్టంకంటే కాలువ మట్టం కాస్త కింద ఉండాలి, నీరు దిగాలంటే. పైన ఉంటే దిగదు. మరీ కింద ఉంటే దిగుతుంది గానీ ఎత్తు పోతుంది, ఎత్తు అంటే ఇక్కడ వోల్టేజి.

అయితే ఇక్కడితో కథ అయిపోలేదు. 2021లో మౌంగీ బవెండీ, 2023లో క్వాంటమ్ డాట్లకు నోబెల్ తీసుకున్నాయనే, ఆయన బృందమూ కొరియా శాస్త్రవేత్త సియో బృందమూ కలిసి టిన్ ఆక్సైడ్‌ను పోసి తిప్పడం మానేసి, గాజును 90 డిగ్రీల ద్రావణంలో ముంచి పెంచారు. వాళ్లు గమనించింది ఏమిటంటే, ముంచి ఉంచినకొద్దీ ద్రావణంలో ఆమ్లత్వం మారుతుంది, దానితో పొర గుణమూ మారుతుంది. సమయానికి తీస్తే మంచి పొర, ఇంకాసేపు ఉంచితే పనికిరాని రూపాలు చేరతాయి. పాకం లాగా! తీగపాకం దగ్గర దించాలి, ముదిరితే లాభం లేదు. వాళ్లకు ధ్రువీకరించిన అంకె 25.2 శాతం. అదే ఏడాది కొరియాలోని ఉల్సాన్‌లో సియోక్ బృందం ఇంకో కిటుకు చేసింది. టిన్ ఆక్సైడ్‌లో క్లోరిన్ కట్టి, పెరోవ్‌స్కైట్‌లోనూ క్లోరిన్ వేస్తే రెండింటి నడుమ దానంతటదే ఒక పలచటి మధ్యపొర పుట్టింది. అణువుకు అణువు అతికినట్టు, అతుకే కనబడనట్టు. 25.8, ధ్రువీకరించినది 25.5. చూశారా, కొత్త నల్ల పదార్థం కనిపెట్టి కాదు వీళ్లు గెలిచింది, గేటు కీలుకు నూనె వేసి.

ఇక తలకిందుల సెల్ గురించి రెండు మాటలు. ఈటీఎల్ కింద కాకుండా పైన పెడతారు. ఈమధ్య పెద్ద అంకెలు ఎక్కువగా ఇక్కడినుంచే వస్తున్నాయి. పైన పెట్టేటప్పుడు కింద అప్పటికే పెరోవ్‌స్కైట్ ఉంటుంది కాబట్టి వేడి చేయకూడదు, నీళ్లు తగలకూడదు. అందుకని సీ60 వాడతారు, ఫుట్‌బాల్ ఆకారపు కార్బన్ అణువు, 1985లో దొరికి 1996లో నోబెల్ తెచ్చినది. ఎలక్ట్రాన్లను బాగా తీసుకుంటుంది. కానీ నా మాట రాసుకోండి, ఇప్పుడు వోల్టేజి ఎక్కువగా పోతున్నది పెరోవ్‌స్కైట్, సీ60 కలిసే ఆ గీత దగ్గరే. పైగా దాని అతుకు బలహీనం, టేపు అంటించి లాగితే పొర ఊడొస్తుంది. దానిమీద మళ్లీ ఎవరిని కావలి పెడతారో తెలుసా? టిన్ ఆక్సైడ్‌నే, ఓ 20 నానోమీటర్లు. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పెట్టే జోడు సెల్‌లో ఇదే అమరిక వాడతారు. చైనా కంపెనీ లాంజీ 2025లో అలాంటి జోడు సెల్‌తోనే 34.85 శాతం ప్రకటించింది. ఒంటరి సిలికాన్ సెల్‌కు సైద్ధాంతిక హద్దే 29 పైన కొంచెం.

ఒక అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. "మన ఊరి ఎండకు ఇవి ఆగుతాయా?" అని అడుగుతోంది. మంచి ప్రశ్న, నేను తప్పించుకుందామనుకున్నదే అడిగావు. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు మీరు చూసే ఉంటారు. మే నెల మధ్యాహ్నం ఆ పలకల వెనక చెయ్యి పెట్టి చూడండి, 65, 70 డిగ్రీలు ఉంటుంది. పరీక్ష ప్రమాణం ఏమిటంటే 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమ, 1000 గంటలు. పెరోవ్‌స్కైట్ మాడ్యూళ్లు ఈ పరీక్ష దాటడం మొదలైంది. బ్రిటన్‌కు చెందిన ఆక్స్‌ఫర్డ్ పీవీ 2024లో జోడు పలకలు అమ్మకానికి పంపింది కూడా. కానీ సిలికాన్ పలకకు 25 ఏళ్ల హామీ ఇస్తున్నారు, దీనికి అన్నేళ్ల ఎండ అనుభవం భూమి మీద ఎవరికీ లేదు. నీ ప్రశ్నకు జవాబు ల్యాబులో పుట్టదు, ఇక్కడ మిద్దె మీద పెట్టి చూడాలి. బంగారంతో, గోరంత సెల్‌తో వచ్చిన 26 శాతాన్ని తలుపంత పలకకు తెచ్చేటప్పుడు 25 నానోమీటర్ల పొర ఎక్కడా గండి పడకుండా పరవాలి. చదరపు మీటరు మీద ఒక్క చోట గండి పడితే అక్కడ మళ్లీ నా డబ్బా కథే.

సరే, గాజు ముక్కలు వచ్చేశాయా? ఏది పూత ఉన్నది? ఎడమదా? కుడిదా? రెండో వరుస అబ్బాయి కుడిదంటున్నాడు, ఎందుకయ్యా? ఊహించావా! నేనూ చూసి చెప్పలేనబ్బాయ్. తిప్పి పట్టుకోండి. వెనక మూలలో డైమండ్ పెన్సిల్‌తో గీసిన గీత కనబడిందా? అది ఉన్నదే. ఇప్పుడు గీయకుండా భోజనానికి వెళ్లను.